మోటివేషన్ పుస్తకాల్లో మొదటి ఇరవై పేజీలే ఎందుకు నలుగుతాయి

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పలాస దగ్గర ఊరు, డిగ్రీ అయి మూడేళ్లయింది, శ్రీకాకుళంలో రూము తీసుకుని గ్రూప్స్‌కీ కానిస్టేబుల్‌కీ కలిపి చదువుతున్నావు, విజయం ఎలా సాధించాలో చెప్పే పుస్తకాలు ఇప్పటికి పదకొండు చదివావు, కష్టపడి పైకొచ్చిన హీరోల సినిమాలు దొరికినవన్నీ చూశావు, చూసిన రాత్రి నిద్ర పట్టనంత ఊపు వస్తుంది, మూడో రోజుకి మళ్లీ మామూలే, పైగా ముందుకన్నా నీరసం. జీవితాంతం నిలిచే ఇన్‌స్పిరేషన్ ఇచ్చే పుస్తకం ఒక్కటి చెప్పండి అన్నావు. చివర్లో ఇంకో మాట కూడా రాశావు, మన సొసైటీలో ఒకడు ఎదుగుతుంటే పదిమంది కాళ్లు లాగుతారు, ఇది ఎప్పటికీ మారదా అని.

నేను 33 ఏళ్లు శాఖా గ్రంథాలయాల్లో పనిచేశాను, సగం సర్వీసు శ్రీకాకుళం జిల్లాలో, మిగతా సగం విజయనగరం జిల్లాలో, రిటైరయ్యాక విజయనగరంలోనే ఉంటున్నాను. పుస్తకం ఎవరు పట్టుకెళ్లారు, ఎన్నాళ్లకి తెచ్చారు, తెచ్చినప్పుడు అది ఎలగ ఉంది, నేను దగ్గరగా చూసింది ఇదే. కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచే చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

లైబ్రరీల్లో స్టాక్ వెరిఫికేషన్ అని ఒక పని ఉంటుంది, బీరువాలన్నీ ఖాళీ చేసి ప్రతి పుస్తకం నంబరూ అక్సెషన్ రిజిస్టర్‌తో సరిచూసి, దుమ్ము దులిపి మళ్లీ సర్దాలి. అలగ చేతిలోకి తీసుకున్నప్పుడు పుస్తకాన్ని మూసిపెట్టి పేజీల అంచు వైపు నుంచి చూస్తే ఎంతవరకు చదివారో తెలిసిపోతుంది, చేతి చెమట, నూనె, మట్టి అన్నీ ఆ అంచుకే పడతాయి కదా. నవలలకి మొదటి నుంచి చివరిదాకా ఒకటే రంగు, టీ నీళ్లలో ముంచినట్టు. వంటల పుస్తకాలకి మధ్యలో ఎక్కడో రెండు మూడు నల్లటి చారలు. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు, లైబ్రరీలో విషయాల వారీగా సర్దడానికి వాడే డ్యూయీ నంబర్లలో 158 దగ్గర పెడతాం, వాటికి మాత్రం మొదటి ఇరవై ముప్పై పేజీలు నల్లగా నలిగిపోయి ఉంటాయి, అక్కడి నుంచి చివరిదాకా తెల్లగా షాపులోంచి ఇప్పుడే తెచ్చినట్టు. ఏదో ఒకటి రెండు పుస్తకాలు అనుకోకు, ఆ అర మొత్తం అంతే. నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ అంతే. మళ్లీ ఇష్యూ రిజిస్టర్ తిరగేస్తే కుర్రాళ్లు ఎక్కువగా ఇంటికి పట్టుకెళ్లేవి అవే.

మొదట్లో నేను ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు అనుకునేదాన్ని. తర్వాత ఒక ఎండాకాలం ఆ అరలో పుస్తకాలు వరసపెట్టి నేనే చదివాను, అప్పుడు తెలిసింది తప్పు చదివేవాళ్లది కాదని. ఆ పుస్తకం చెప్పాల్సింది మొదటి అధ్యాయంలోనే చెప్పేస్తుంది, నీలో అపారమైన శక్తి ఉంది, నీ జీవితానికి నువ్వే కారణం, లేచి నడువు అని. మిగతా రెండొందల పేజీలూ అదే మాటని వేరే వేరే మనుషుల కథలతో మళ్లీ మళ్లీ చెప్పడమే. ఆ మొదటి మాట చదవగానే ఒళ్లు జలదరిస్తుంది, నాకూ అనిపించింది, నేను అబద్ధం చెప్పను. కానీ ఆ మాటకి రెండో వైపు ఒకటుంది, దాన్ని పుస్తకం పైకి చెప్పదు. నీ గెలుపుకి నువ్వొక్కడివే కారణం అయితే నీ ఓటమికీ నువ్వొక్కడివే కారణం అవ్వాలి. మూడో రోజు పొద్దున్న ఐదింటికి మెలకువ రాకపోతేనో, మాక్ టెస్ట్‌లో మార్కులు తగ్గితేనో, నోటిఫికేషన్ వాయిదా పడితేనో ఆ రెండో వైపు వచ్చి నీ గుండెల మీద కూర్చుంటుంది. నువ్వు ముందుకన్నా ఎక్కువ నీరసం అన్నావే, అది ఇదే. నువ్వు బద్ధకస్తుడివని నేను అనుకోను, రెండు రోజులు మోయలేని బరువు ఒకటి నీ నెత్తిన పెట్టారు అనుకుంటాను.

సినిమా కూడా దాదాపు అంతే చేస్తుంది, అయినా నాకు సినిమాలంటే ప్రాణం, చిన్నప్పుడు టెంటు హాల్లో నేల టికెట్‌కి కూర్చుని చూసినదాన్ని, ఇప్పటికీ కొత్తది వస్తే హాలుకెళ్లే చూస్తాను. హీరో అవమానం పడతాడు, వెంటనే ఒక పాట మొదలవుతుంది, ఆ పాటలో వర్షంలో పరిగెడతాడు, వీధి దీపం కింద చదువుతాడు, గోడ మీద క్యాలెండర్ కాగితాలు ఎగిరిపోతాయి, పాట అయ్యేసరికి కోటు వేసుకుని కారు దిగుతాడు. నాలుగు నిమిషాలు. బాబూ, ఆ నాలుగు నిమిషాల పాటలోనే నువ్వు మూడేళ్లుగా ఉన్నావు. సినిమా దాన్ని చూపించలేదు, పాటతో దాటేసింది. ఆ దాటేసిన భాగంలో బతకడం ఎలాగో నీకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, మరి దాని గురించి రాసిన పుస్తకాలు కదా మనం వెతుక్కోవాలి.

ట్వెల్త్ ఫెయిల్ చూశావా, 2023లో వచ్చింది, చూసే ఉంటావు. ఒక ఐపీఎస్ ఆఫీసర్ నిజ జీవితం మీద తీసిన సినిమా. చంబల్ నుంచి వచ్చిన కుర్రాడు ఢిల్లీలో లైబ్రరీలో పనిచేస్తాడు, తర్వాత పిండిమరలో పనిచేస్తూ చదువుకుంటాడు, నాలుగో ప్రయత్నంలో సెలెక్ట్ అవుతాడు. మా వీధిలో కోచింగ్‌కి వెళ్లే పిల్లలు నలుగురైదుగురు మా ఇంటికి వస్తుంటారు, అందరూ ఆ పిండిమర సీనే చెప్తారు. నేను వాళ్లని గౌరీ భయ్యా గురించి అడుగుతాను. ఆయన కూడా అదే పరీక్ష రాసి రాసి చివరి ప్రయత్నం కూడా పోయినవాడే, తర్వాత టీ కొట్టు పెట్టుకుని మిగతా కుర్రాళ్లకి దారి చూపిస్తాడు, హీరోకి నీడ ఇచ్చింది ఆయనే. సినిమా వచ్చిన 2023లో సివిల్స్ పరీక్షకి అప్లై చేసినవాళ్లు 10 లక్షల 16 వేల మంది పైన, చివరికి సెలెక్ట్ అయినవాళ్లు 1016 మంది. వెయ్యి మందికి ఒక్కడు. మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిది మందిలో చాలామంది గౌరీ భయ్యాల్లా బతకాల్సినవాళ్లే, వాళ్ల బతుకు ఓటమి అని ఎవరు చెప్పారు. ఆ సినిమా గొప్పతనం నాకు ఆ టీ కొట్టులోనే కనపడింది. నువ్వు మళ్లీ చూస్తే హీరోని కాసేపు వదిలేసి, అతనికి అన్నం పెట్టినవాళ్లనీ డబ్బులిచ్చినవాళ్లనీ రూములో చోటిచ్చినవాళ్లనీ లెక్కపెట్టు.

ఇప్పుడు నీ విషయానికి వస్తాను. నీ ప్రశ్నలో మధ్యలో ఒక్క ముక్క రాసి వదిలేశావు, అమ్మ జీడి పనికి వెళ్తుంది అని. నేను కాశీబుగ్గకి దగ్గర్లో నాలుగేళ్లు పనిచేశాను కాబట్టి ఆ ముక్క దగ్గర ఆగిపోయాను. జీడి పిక్క కాల్చాక కటింగ్ చేసేటప్పుడు పెంకులోంచి వచ్చే రసం చర్మాన్ని తినేస్తుంది, వేళ్ల చివర్లు నల్లబడి పొరలు పొరలుగా లేస్తాయి, ఆముదం రాసుకుంటారు, బూడిద అద్దుకుంటారు, అయినా ఆగదు. ఆ తర్వాత పప్పుకి పొట్టు తీయడం, విరగని గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, ముక్క ఇంకో పక్కకి ఏరడం, కిలో లెక్కన కూలి. ఒకసారి ఒక తల్లి కొడుకుని మెంబర్‌గా చేర్పించడానికి వచ్చింది, ఫారం మీద వేలిముద్ర వెయ్యమన్నాను, ఇంకు ప్యాడ్ మీద అద్ది వేసింది, కాగితం మీద గుండ్రంగా ఒక నల్ల మచ్చ పడింది అంతే, గీతలు లేవు. రెండోసారి వేసింది, మళ్లీ మచ్చే. వేళ్లలో గీతలు అరిగిపోయినాయమ్మా అంది, రేషన్ మిషన్ కాడ కూడా ఇలగే అవుతాది, పడదు అంది. ఆ కుర్రాడు అప్పుడు బీరువా ముందు నిలబడి 158 అరలోంచి ఒక పుస్తకం తీస్తున్నాడు. ఆ పుస్తకం అట్ట మీద ఒక మనిషి ఒంటరిగా కొండెక్కుతున్నట్టు బొమ్మ.

ఆ బొమ్మ నాకు చాలాకాలం గుర్తుండిపోయింది. మన దగ్గర ఎవడూ ఒంటరిగా కొండెక్కడు. కింద పట్టుకునేవాళ్లు ఉంటారు. వాళ్లు బొమ్మలో ఉండరు. నా అభిప్రాయం ఏటంటే నీకు కావలసిన పుస్తకం ఆ పట్టుకున్న చేతుల్ని కూడా చూపించే పుస్తకం, అది చదివితే ఊపు రాదు, మొదట్లో కొంచెం బాధగా కూడా ఉంటుంది, కానీ మూడో రోజుకి దిగిపోదు.

సొసైటీ మారదా అని అడిగావు కదా, దానికి నేను మా ఊరినుంచే సమాధానం చెప్తాను. గురజాడ అప్పారావు గారి ఇల్లు విజయనగరంలోనే ఉంది, ఒకసారి వచ్చి చూడు. కన్యాశుల్కం అంటే నీకు స్కూల్లో గిరీశం డైలాగులు చెప్పి ఉంటారు, లేకపోతే 1955లో ఎన్టీఆర్, సావిత్రి చేసిన సినిమా టీవీలో చూసి ఉంటావు. 1897 మొదటి కూర్పుకి ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక లెక్క ఉంది, అది ఎవరూ చెప్పరు. అప్పటి మహారాజా ఆనంద గజపతి గారు విశాఖపట్నం జిల్లాలో, మన విజయనగరం అప్పుడు అందులోదే, డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన బ్రాహ్మణ పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. మూడేళ్లలో దొరికినవి 1034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పసికందుల రేటు 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు బయట కూర్చున్నాను. నాటకం చూసి మనం నవ్వుతాం కదా, ఆ నవ్వు కింద ఇవి ఉన్నాయి.

చూడు, ఆయన జనాన్ని తిట్టలేదు. కాళ్లు లాగే సమాజం అని ఒక్క మాటతో తేల్చెయ్యలేదు. ఆ లెక్క ముందర పెట్టుకుని, మన వీధుల్లో మాట్లాడుకునే తెలుగులోనే రాశాడు. 1892లో మొదటిసారి విజయనగరంలో ఆడించారు, 1897లో అచ్చయింది, అంతటితో వదల్లేదు, మళ్లీ కూర్చుని దాదాపు కొత్త నాటకం అన్నట్టు తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చాడు. ఒక్క నాటకం వెనక పదిహేడేళ్లు. ఇరవై ఒక్క రోజుల్లో జీవితం మారిపోతుంది అని చెప్పే పుస్తకాలు చదివి చదివి మనకి పదిహేడేళ్ల పని అంటే ఏటో తెలియకుండా పోయింది. బాల్య వివాహాల మీద శారదా చట్టం వచ్చింది 1929లో, అప్పటికి గురజాడ పోయి పద్నాలుగేళ్లు, ఆయన అది చూడలేదు. పిల్లకి డబ్బు తీసుకునే ఆ కన్యాశుల్కం ఆచారం ఇప్పుడు ఎక్కడుంది, లేదు కదా. మరి మారింది కదా. కానీ అది అటు పోయి వరకట్నం ఇటు వచ్చింది, దానికి 1961లో చట్టం చేశారు, చట్టం ఉంది, కట్నమూ ఉంది.

ఇక్కడ నిన్నొక మాట అడగాలి, కోపం తెచ్చుకోకు. మన జిల్లాల్లో ఒక కుర్రాడికి గవర్నమెంటు ఉద్యోగం వస్తే ఊరంతా ఇన్‌స్పిరేషన్ అంటారు, ఫ్లెక్సీ కడతారు, నెల తిరక్కుండా పెళ్లి బేరం మొదలవుతుంది, కానిస్టేబుల్ అయితే ఒక లెక్క, టీచర్ అయితే ఒక లెక్క, గ్రూప్ ఆఫీసర్ అయితే ఇంకో లెక్క. నా దగ్గర పుస్తకాలు పట్టుకెళ్లి చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న పిల్లల పెళ్లిళ్లకి నేను వెళ్లాను, అక్షింతలు వేసేటప్పుడు నా చెయ్యి బరువుగా అనిపించిన పెళ్లిళ్లు ఉన్నాయి. అదే రిజిస్టర్‌లో సంతకం పెట్టిన పక్క ఊరి ఆడపిల్ల తండ్రి ఆ కట్నం కోసం ఎకరం అమ్ముకున్నాడు. అందుకే నువ్వు సొసైటీ మారదా అంటే నేను నీ ఉద్యోగం తర్వాతి నెల గురించి ఆలోచిస్తాను. నీకు ఉద్యోగం వస్తుంది అనే నమ్మకంతోనే అడుగుతున్నాను, అప్పుడు ఆ బేరం దగ్గర నువ్వు ఏమంటావో ఇప్పుడే అనుకుని పెట్టుకో.

కాళ్లు లాగడం గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. రెండేళ్లు ఖాళీగా ఉంటే బంధువులు సూటిపోటి మాటలు అంటారు, నిజమే, బాధగానే ఉంటుంది. కానీ వాళ్లలో సగం మంది తమ పిల్లల భయంతో అలగ మాట్లాడతారు. మా చుట్టాల్లోనే చూశాను.

సినిమాల గురించి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మన యాస సినిమాల్లో ఎవరికిచ్చారు, ఇంట్లో పనిమనిషికి, హీరో పక్కన అమాయకుడికి, విలన్ దగ్గర తన్నులు తినేవాడికి. ఏటి, ఎలగ, గుంటడు అంటే హాలంతా నవ్వు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి విజయవాడ ట్రైనింగ్‌కి వెళ్లినప్పుడు నోరు తెరవడానికి భయపడేదాన్ని, ఆ నవ్వు గుర్తొచ్చి. మళ్లీ ఈ మధ్య కొన్ని సినిమాల్లో హీరోహీరోయిన్లు కూడా మన మాట మాట్లాడుతున్నారు, 2025లో వచ్చిన తండేల్ అలాంటిదే, నాకు సంతోషం అనిపించింది. దాని వెనక కథ మనదే, 2018 నవంబర్‌లో గుజరాత్ తీరంలోని వేరావల్ నుంచి వేటకెళ్లిన మన మత్స్యకారులని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు, 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలేశారు, అన్నాళ్లూ ఇళ్ల దగ్గర ఆడవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. సినిమా అయిపోయి బయటకి వస్తుంటే కుర్రాళ్లు పాటల గురించీ జైలు సీన్ల గురించీ మాట్లాడుకుంటున్నారు. నా ముందు మెట్లు దిగుతున్న ఒక పెద్దాయన మనవడితో అన్నాడు, "సముద్రం మనింటి ముందలే ఉంది కదరా, అంత దూరం వేరావల్ ఎందుకెల్లాల" అని. ఆ మాట నేను ఇంటికొచ్చేదాకా నాతోనే వచ్చింది.

ఎందుకెళ్లాలి అంటే, శ్రీకాకుళం జిల్లాకి అంత పొడుగు తీరం ఉన్నా పెద్ద బోట్లు నిలబడే ఫిషింగ్ హార్బర్ అప్పటికి ఒక్కటి లేదు, హార్బర్ కావాలంటే విశాఖపట్నం పోవాలి. ఇక్కడ చిన్న పడవలతో దగ్గర్లో వేట, అది పడితే పడింది లేకపోతే లేదు. అందుకని సీజన్‌కి నెలల తరబడి గుజరాత్ బోట్ల మీద కూలీలుగా వెళ్తారు. చూశావా, సినిమా మనకి ధైర్యం చూపిస్తుంది, ఆ ధైర్యం ఎందుకు అవసరపడిందో మనం అడగాలి. రెండూ కావాలి. ఆ పెద్దాయన టికెట్ డబ్బులకి సరిపడా చూశాడు అనిపించింది నాకు.

యాస గురించి అన్నాను కదా, గిడుగు రామమూర్తి గారిది కూడా మన వైపే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు, పర్లాకిమిడిలో స్కూలు మాస్టారు. కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకోవాలనిపించి ఆ భాష తెలిసినవాళ్లని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటలోనే పుస్తకాలు రాశారు, బళ్లు పెట్టించారు. తర్వాత మన వాడుక తెలుగు కోసం పండితులందరితోనూ పోట్లాడారు. నువ్వూ నేనూ ఇప్పుడు ఇలగ మాట్లాడినట్టే రాసుకుంటున్నామంటే అందులో ఆయన వాటా ఉంది. ఒక ఊరి స్కూలు మాస్టారు, చుట్టుపక్కల మనుషుల మాట చెవి పెట్టి విన్నాడు, అంతే మొదలు.

సరే, పుస్తకాలు. ఒక్కటే చెప్పమన్నావు, నేను ఒక్కటితో ఆగలేను.

మొదట అంబేద్కర్ గారి చిన్న ఆత్మకథ, వీసా కోసం నిరీక్షణ, తెలుగులో దొరుకుతుంది, చాలా చిన్నది, ఒక సాయంత్రం చాలు. అందులో మొదటి సంఘటన 1901 నాటిది. చిన్న పిల్లాడు, అన్నా మేనల్లుళ్లతో కలిసి కొత్త బట్టలు వేసుకుని రైలెక్కి తండ్రి పనిచేసే ఊరికి బయల్దేరతాడు. స్టేషన్‌లో దిగితే తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. ఎవరి పిల్లలో తెలిసేసరికి బండివాళ్లు ఒక్కరూ ఎక్కించుకోరు, చివరికి ఒకడు ఒప్పుకుంటాడు, ఎలగంటే రెట్టింపు కిరాయి ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడిచి వస్తాడు. దారంతా తాగడానికి నీళ్లు దొరకవు, దగ్గరున్న అన్నం తినలేరు. ఇందులో నువ్వు గొప్పవాడివి అని ఎక్కడా లేదు. కానీ చదివాక ఆ బండి నీకు మన ఊళ్లో కూడా కనపడుతుంది, టీ కొట్టు దగ్గర వేరే గ్లాసుగా, చెరువుకి వేరే రేవుగా. నాకు కనపడింది.

తర్వాత గాంధీ గారి ఆత్మకథ, చౌకగా దొరుకుతుంది, ప్రతి లైబ్రరీలోనూ ఉంటుంది. మహాత్ముడి కథలా చదవకు. అన్నగారి కడియంలోంచి చిన్న బంగారం ముక్క తీసి అప్పు తీర్చాడు, తర్వాత ఉండబట్టలేక కాగితం మీద రాసి మంచం మీదున్న తండ్రి చేతికిచ్చాడు, ఆయన చదివి కళ్లనీళ్లు పెట్టుకుని కాగితం చింపేశాడు, ఒక్క మాట అనలేదు. ఆ పేజీ దగ్గర ఆగు. తన తప్పులు వరసగా రాసుకుంటూ పోయిన మనిషి పుస్తకం చదువుతుంటే మన తప్పులు చూసుకోవడానికి భయం తగ్గుతుంది, 158 అరలో పుస్తకాలకీ దీనికీ తేడా నాకు ఇదే అనిపించింది.

ఆ తర్వాత మన కథలు. నువ్వు శ్రీకాకుళంలోనే ఉన్నావు, కథానిలయం చూడలేదు అంటే నాకు బాధేస్తుంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టారు, అవార్డులకి వచ్చిన డబ్బులు కూడా పెట్టి, తెలుగులో అచ్చయిన కథ ఏదైనా ఒకచోట దొరకాలని. ఆయన లెక్కల మాస్టారు. కథల కోసం ఒక ఇల్లు, అదీ మన శ్రీకాకుళంలో. వెళ్లి ఒక పూట కూర్చో.

చాసో, అంటే చాగంటి సోమయాజులు గారి కథ ఒకటి ఉంది, ఎందుకు పారేస్తాను నాన్నా. ఫీజు కట్టలేక చదువు ఆగిపోయిన పిల్లాడు, నాన్న చుట్టలు తెమ్మంటే బడి ముందు నుంచి వెళ్లాలి, తోటి పిల్లలు చూస్తారని సిగ్గు. అంత చిన్న విషయం మీద కథ. కాశీబుగ్గ దగ్గర పనిచేసేటప్పుడు సాయంత్రాలు లైబ్రరీ మూసేశాక నేను ఉన్న వీధిలో ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని ఇంటికి తెచ్చుకున్న జీడిపప్పుకి పొట్టు తీసేవాళ్లు, నేనూ వెళ్లి కూర్చునేదాన్ని, ఊరికే కూర్చోవడం ఎందుకని ఒకరోజు ఆ కథ చదివాను. చేతులు ఆగలేదు, పొట్టు రాలుతూనే ఉంది, పళ్లెంలో గుండు పడుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. పిల్లాడు బడి ముందు తడబడే చోటికి వచ్చేసరికి ఒకావిడ చేతులు ఆగాయి. తలెత్తకుండానే అంది, "నన్నూ అలగే ఆపేసినారమ్మా. ఆరో తరగతి. బడి ముందల్నుంచి ఎల్లనేక చెరువు గట్టు మీంచి సుట్టు తిరిగి ఎల్లేదాన్ని, నీళ్లకి" అని. గుమ్మంలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్న వాళ్లబ్బాయి తలెత్తాడు. ఇంటర్ అయిపోయి కానిస్టేబుల్‌కి తయారవుతున్నవాడు. "నువ్వు సదువుకున్నావేటమ్మా" అన్నాడు. ఇరవై ఏళ్లుగా అదే ఇంట్లో ఉన్నాడు, వాడికి తెలీదు. ఆవిడ, "ఆరు దాకా. లెక్కలు బాగొచ్చేవి" అంది, మళ్లీ పొట్టు తీసుకోవడం మొదలుపెట్టింది.

ఆ కుర్రాడికి ఆ ఏడాది సెలెక్షన్ రాలేదు, పరుగులో ఆగిపోయాడు. తర్వాత ఏడాది కూడా రాలేదు. ఇప్పుడు ఒక జీడి కంపెనీలోనే లెక్కలు రాస్తున్నాడు, నాకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. కానీ ఆ రోజు తర్వాత నా దగ్గరికి వచ్చి 158 అర అడగడం మానేశాడు, ఆ కథ ఉన్న పుస్తకం తీసుకెళ్లాడు, పదిహేను రోజులకి రెన్యువల్ చేయించుకున్నాడు, మళ్లీ చేయించుకున్నాడు. వాళ్లమ్మకి రోజూ ఒకటి చదువుతున్నాను మేడం, అయిపోతున్నాయి, ఇంకోటి ఇవ్వండి అన్నాడు. ఆ పుస్తకం తిరిగొచ్చినప్పుడు అంచు చూశాను, మొదటి నుంచి చివరిదాకా ఒకటే రంగు, మధ్యలో అక్కడక్కడా జీడి రసం మరకలు.

నువ్వు పరీక్షకి చదవడం మానొద్దు, టైమ్ టేబుల్ మార్చొద్దు, సిలబస్ పుస్తకాల జోలికి నేను రాను. రాత్రి పడుకునే ముందు మోటివేషన్ వీడియో చూసే అరగంట మాత్రం నాకివ్వు. జిల్లా గ్రంథాలయంలో మెంబర్‌షిప్ తీసుకో, డిపాజిట్ కొద్దిపాటే, శుక్రవారం సెలవు, అది చూసుకుని వెళ్లు. మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కలిసే ఉంటుంది, అంటే మీ అమ్మ ఎప్పుడో కట్టేసింది, సిగ్గుపడకుండా అడిగి తీసుకో. శనివారం ఊరికెళ్లినప్పుడు చాసో కథల పుస్తకం సంచిలో వేసుకెళ్లు, అమ్మ పొట్టు తీస్తున్నప్పుడు పక్కన కూర్చుని ఆ కథ పైకి చదువు, మధ్యలో ఆపి ఏం అర్థమైంది అని అడక్కు, చదువుతూ వెళ్లిపో. ఆవిడ ఏమన్నారో వచ్చే వారం ఇక్కడ రాయి, చదువుతాను.